పాదం చెప్పే కబురు

ఈసీటీ గదిలో నా కళ్లు ముందు రోగి పాదం మీదికే పోతాయి. మత్తు ఇచ్చాక, కండరాలు సడలే మందు ఎక్కించే ముందు ఒక చీలమండకు బీపీ పట్టీ బిగిస్తాం. ఆ మందు పాదానికి చేరదు. ఒళ్లంతా నిశ్చలంగా ఉన్నా మెదడులో ఫిట్స్ వచ్చాయో లేదో, ఎన్ని సెకన్లు ఉన్నాయో ఆ పాదమే కదిలి చెబుతుంది. మెదడు తరంగాలను చూపే ఈఈజీ గీతతో దాన్ని సరిచూసుకుంటాం.

ఈసీటీ అంటే మెదడుకు కరెంటు ఇచ్చి ఫిట్స్ తెప్పించే వైద్యం. జనం దీన్ని 'కరెంటు షాక్' అంటారు. 1938లో రోమ్‌లో సెర్లెట్టి, బినీ మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలా ఇవ్వడాన్ని నిషేధించింది. భయం మాత్రం ఇంకా పోలేదు.

నేను చదువుకునే రోజుల్లో తీవ్రమైన డిప్రెషన్‌తో తిండి మానేసిన ఒక పెద్దాయనకు నాలుగు సిట్టింగులైనా గుణం కనిపించలేదు. కరెంటు పెంచుదామన్నాను. మా సీనియర్ కేసుషీటు తిరగేసి రాత్రి మాత్ర దగ్గర వేలు పెట్టారు. లోరజెపామ్. నిద్ర కోసం నేనే రాశాను. అది ఫిట్స్‌ను అణిచే మందు! మెల్లగా తగ్గించాం. ఏడో సిట్టింగు మర్నాడు ఆయన కూతుర్ని మజ్జిగన్నం అడిగారు.

ఆ రోజు నుంచి నాకు ఈ వైద్యమంటే కొలతే. ఫిట్స్ రాకపోతే ఫలితం లేదు, వచ్చినంత మాత్రాన చాలదు. ఎంత కరెంటుకు ఫిట్స్ వస్తాయన్న హద్దు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది, వయసుతో పెరుగుతుంది. మొదటిరోజు తక్కువతో మొదలుపెట్టి దాన్ని కనుక్కుంటాం. రెండు కణతలకూ పెడితే ఆ హద్దుకు ఒకటిన్నర రెట్లు సరిపోతుంది. కుడివైపే పెడితే ఆరు రెట్ల దాకా కావాలి, కానీ జ్ఞాపకశక్తికి దెబ్బ తక్కువ. మత్తు మరీ లోతుగా ఉన్నా ఫిట్స్ బలహీనపడతాయి కాబట్టి మత్తు డాక్టరుతో ప్రతిసారీ మాట్లాడుకోవాల్సిందే.

అసలు పరీక్ష కోర్సు ముగిశాకే. 2001లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈసీటీతో కోలుకున్నాక ఉత్తుత్తి మాత్రలు వాడినవారిలో 84 శాతం మందికి ఆరు నెలల్లోపు జబ్బు తిరగబెట్టింది. నార్‌ట్రిప్టిలిన్, లిథియం కలిపి వాడినవారిలో అది 39 శాతం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈసీటీ అవసరమని చెబితే, వాడుతున్న ప్రతి మాత్రా, నిద్రమాత్రతో సహా, డాక్టరుకు చూపించండి. ఆఖరి సిట్టింగు తర్వాత మనిషి నవ్వుతూ ఇంటికి వచ్చినా మందులు మాత్రం ఆపకండి.