రెండు తలుపుల హెరాల్డ్

నర్సీపట్నం అబీద్ సెంటర్లో సాయంత్రం పూట కారు వెనక్కి మళ్ళించాలంటే చెయ్యి తిరిగిన డ్రైవరుకైనా చెమట పడుతుంది. ఒక పక్క ఆటోలు, ఇంకో పక్క చింతపల్లి బస్సు, మధ్యలో తోపుడు బళ్ళు. మా మేనమామ మాత్రం తన స్టాండర్డ్ హెరాల్డ్ స్టీరింగు ఆఖరిదాకా తిప్పి, రివర్స్ గేరు ముట్టుకోకుండానే వచ్చిన దారి పట్టేస్తాడు. ఆ కారు గుండ్రంగా తిరగడానికి 25 అడుగుల మేర చాలు. 1964 మోడలు. పాలమీగడ రంగు, సన్నటి పైకప్పు, రెండే తలుపులు. చూసినవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత దగ్గరికొచ్చి చేత్తో నిమురుతారు.

ఆ రెండు తలుపులు చూస్తే దీన్ని కూపే అనాలనిపిస్తుంది. రైల్లో ఫస్టు క్లాసు ఎక్కినవాళ్ళకు కూపే అంటే ఇద్దరు పడుకునే చిన్న గది. కార్లలో కూపే అంటే రెండు తలుపులు, కురచ పైకప్పు ఉన్న బండి. రెండింటికీ మూలం ఒక్కటే, కత్తిరించడం అని అర్థమున్న ఫ్రెంచి మాట. ఇటలీ రూపకర్త జొవాన్ని మికెలోత్తి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో వచ్చినప్పుడు అందులో కూపే అని ఒక రకం విడిగా ఉండేది. మద్రాసు దగ్గర వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి చేసింది దాని తోబుట్టువు, రెండు తలుపుల సెలూను. లెక్క ప్రకారం కూపే కాదు. అయినా రోడ్డు మీద ఎటు చూసినా అంబాసిడరో ఫియటో తప్ప కనపడని రోజుల్లో, మన మధ్యతరగతి ఇళ్ళకు కూపే పోలికలతో వచ్చిన రోజువారీ కారు ఇదే. 1960ల చివర్లో మనవాళ్ళ కుటుంబాల కోసం దానికి నాలుగు తలుపులు పెట్టారు. సౌకర్యం పెరిగింది. నా కంటికి మాత్రం ఆ పొడవాటి తలుపుతో వచ్చిన తీరు పోయింది.

ఈ కారు ఇంతకాలం నిలవడానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. 1953లో ఇంగ్లండులో బి.ఎం.సి. అనే కార్ల కంపెనీ ఫిషర్ అండ్ లడ్లో అనే బాడీల ఫ్యాక్టరీని కొనేసింది. ట్రయంఫ్ కార్లు చేసే అక్కడి స్టాండర్డ్ వాళ్ళకు బాడీలు చేసిపెట్టేది అదే. మొత్తం బాడీని ఒకచోట చేసే దారి మూసుకుపోవడంతో ముక్కలు తలో చోట చేయించి, విడి ఛాసిస్ మీద బోల్టులతో బిగించే పద్ధతి పెట్టుకున్నారు. అందుకే హెరాల్డ్ పైకప్పును కూడా బోల్టులు విప్పి దించవచ్చు. ఇక బానెట్టు సంగతి! రెండు మడ్‌గార్డులు, దీపాలతో సహా ముందు భాగమంతా ఒక్కటిగా ముందుకు వాలిపోతుంది. మెకానిక్కు ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. చిన్నప్పుడు మామ ఆ బానెట్టు ఎత్తుతుంటే వీధిలో పిల్లలమంతా చేరేవాళ్ళం. కారు ఎలా నడుస్తుందో నేను నేర్చుకున్నది అక్కడ నిలబడే.

పాత కారును మెరిపించడం ఒక పని, కాపాడడం మరో పని. మెరిపించడానికి పుట్టీ, పెయింటు చాలు. కాపాడాలంటే వానాకాలం వెళ్ళగానే బండి కిందికి దూరాలి. హెరాల్డుకు శత్రువు కనపడే తుప్పు కాదు, ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతుల్లో మట్టి చేరి లోపల్లోపల తినేసే తుప్పు. నీళ్ళు కారే రంధ్రాలు పుల్లతో పొడిచి తెరవాలి, మట్టి కడిగి ఆరబెట్టాలి, పాత ఇంజనాయిల్ పట్టించాలి. కొనబోయే బండి అయితే పల్చటి గుడ్డలో అయస్కాంతం చుట్టి ఒళ్ళంతా జరపాలి. అతుక్కోనిచోట రేకు లేదు, పుట్టీ ఉంది. మంచి టింకరింగ్ పనివాడు సొట్టను వెనక నుంచి డాలీ అనే ఇనప దిమ్మె ఆనించి, ముందు నుంచి సుత్తితో మెల్లగా తడుతూ రేకును తన చోటికి రప్పిస్తాడు. ఎక్కువ కొడితే రేకు సాగి డబ్బాలా మోగుతుంది. ఎక్కడ ఆపాలో చెవికి తెలియాలి.

ఒక చిన్న భాగం గురించి వివరంగా చెప్పాలి. ముందు చక్రాన్ని మోసే నిలువు ముక్క అడుగున మర ఉంటుంది. అది కంచు గుబ్బలో దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరలోనే తిరుగుతుంది. దాన్ని ట్రునియన్ అంటారు. దానికి పట్టాల్సింది గ్రీజు కాదు, 90 నంబరు గేర్ ఆయిల్. పాతికేళ్ళ కిందట ఒక షెడ్డులో అన్ని కార్లకు కొట్టినట్టే దీనికీ గ్రీజు కొట్టి పంపారు. మర లోపలికి నూనె అందలేదు, తుప్పు పట్టింది. ఒకరోజు ఇంటి ముందు బండి మళ్ళిస్తుండగా మర విరిగి ముందు చక్రం పక్కకు వాలిపోయింది. నిదానంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు వచ్చిన పెద్దాయన మెకానిక్కు విరిగిన ముక్క చేతిలో పట్టుకుని, "ఏటి బాబూ, దీనికి గ్రీజు కొట్టించారా? ఇది నూనె తాగే బండి" అని ఎంతో బాధపడ్డాడు. కొత్త ముక్క కోసం మామ చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారంతా తిరిగాడు. అప్పటి నుంచి ఆ నూనె తనే పోస్తాడు.

ఇంజను 948 సీసీ, బలం సుమారు 35 హార్స్ పవర్. ఇందులో కంప్యూటరు లేదు కాబట్టి అంతా చెయ్యి, చెవి, ముక్కు చెప్పాలి. డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యికి 15 వంతులు, వాల్వులకు చల్లగా ఉన్నప్పుడు 10 వంతులు. ఫీలర్ గేజ్ రేకు వెన్నలో కత్తిలా కాకుండా, కొద్దిగా పట్టుకుని జారాలి. 2000 నాటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. వాల్వుల కుర్చీలకు కాపుగా ఉన్నది ఆ సీసమే, కనుక హెడ్డు విప్పి గట్టి కుర్చీలు దిగేయించుకోవలసి వచ్చింది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు మెత్తబడి చీలతాయి, వాటిని మామ కొత్త రకానికి మార్చాడు. అసలుతనం పోతుందని కొందరు వాదిస్తారు. నడవడం కోసం చేసే మార్పును నేను తప్పు పట్టను.

నడపడం కూడా నేర్చుకోవలసిన విద్యే. డౌనూరు దాటి లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే అది తెలుస్తుంది. ఫస్టు గేరుకు సింక్రో లేదు. మలుపులో బండి కదులుతుండగా ఫస్టు వేయాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఏక్సిలరేటరు కొద్దిగా ఇచ్చి గేర్ల వేగం కలపాలి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, వరసగా తొక్కితే వేడెక్కి పట్టు వదులుతాయి. సెకండు గేరులో ఇంజనుకే బరువు అప్పగించాలి. వెనక ఇరుసు మధ్యలో మడిచినట్టు పైకీ కిందికీ ఊగే రకం. మలుపు మధ్యలో భయపడి ఏక్సిలరేటరు ఒక్కసారిగా వదిలితే వెనక బయటి చక్రం లోపలికి ముడుచుకుని బండి తోక విసురుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో కాలు నిలకడగా ఉంచాలి. హెరాల్డ్ తర్వాత 1972లో వచ్చిన గజెల్ మోడలుకు కంపెనీ వాళ్ళే గట్టి ఇరుసు వేశారు. మామకు ఆ అవసరం లేదు, ఆయన కాలికి ఈ బండి గుణం తెలుసు.

2021లో కేంద్రం 50 ఏళ్ళు దాటిన బళ్ళకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, పదేళ్ళు చెల్లుతుంది. పాత బళ్ళకు దక్కిన గౌరవమే అది, సంతోషించాను. అయితే ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనకో ర్యాలీకో, పెట్రోలుకో మరమ్మతుకో తప్ప మామూలుగా రోడ్డెక్కించకూడదు. పది మందిమి కూర్చుని ఆలోచించాం. రాజావారి గ్యారేజీలో పుట్టిన బండికి అది నప్పుతుంది. సంతకు, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు తిరగడానికి పుట్టిన కారును గాజుపెట్టెలో పెడితే మిగిలేది రేకు ఒక్కటే. పాయింట్ల ఎడం, ట్రునియన్ నూనె, ఘాట్ మలుపులో కాలి నిలకడ, ఇవన్నీ నడిచే బండిలోనే బతుకుతాయి. మామ మామూలు పద్ధతిలోనే ఫిట్‌నెస్ చేయించి మరో అయిదేళ్ళకు రెన్యువల్ తీసుకున్నాడు.

ఆ రోజు తిరిగొస్తూ సంత దగ్గర ఆగి రెండు పనసకాయలు డిక్కీలో వేయించాడు. నేను ముందు సీటు మడిచి పట్టుకుంటే అత్త ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, రెండో చేత్తో తలుపు పట్టుకుని మెల్లగా వెనక సీట్లోకి వెళ్ళి సర్దుకుంది. మామ చోక్ కొద్దిగా లాగి తాళం తిప్పాడు.