టైరు నేలను వదలకుండా

మాది నంద్యాల దగ్గర నల్లరేగడి ఊరు. వానాకాలం బడికి బయల్దేరితే సైకిల్ మమ్మల్ని మోసేది కాదు, మేమే సైకిల్‌ను మోసేవాళ్లం. మడ్‌గార్డుకూ టైరుకూ నడుమ బంకమన్ను కూరుకుపోయి చక్రం బిగుసుకునేది. కంపపుల్లతో గీరి, నాలుగు గజాలు నెట్టి, మళ్లీ గీరడం. వేసవికి అదే దారి బండిచక్రాల గాడులతో బిరుసెక్కి ఒళ్లంతా కుదిపేసేది. ఆ దారిలో తొక్కిన వాళ్లందరికీ ఒక విద్య ఎవరూ చెప్పకుండానే పట్టుబడింది. గతుకు కనిపించగానే రెండు పెడళ్లనూ సమంగా ఆపి, వాటి మీద నిలబడి, సీటు మీంచి జానెడు లేవడం. మోకాళ్లు ముడుచుకుంటాయి, కింద సైకిల్ ఎగిరిపడుతుంది, మనిషి మాత్రం నిలకడగా సాగిపోతాడు.

ముప్పై ఏళ్ల తర్వాత అమెరికాలో ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ ఎక్కినప్పుడు నాకు మొదట అక్కరకొచ్చింది ఆ విద్యే.

ఈ సైకిల్ గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. ముందూ వెనకా స్ప్రింగులున్నాయి కాబట్టి మెత్తగా కూర్చోబెడుతుందని, నడుం నొప్పి ఉన్నవాళ్లకు మంచిదని అనుకుంటారు. నడుముకు మేలు చేసే మాట నిజమే, కానీ దాని అసలు పని అది కాదు. టైరు నేలను వదలకుండా చూడటమే దాని పని. గట్టి ఫ్రేము సైకిల్ రాయికి తగిలితే చక్రంతో పాటు సైకిలూ, మనిషీ అంతా పైకి లేస్తారు. ఆ క్షణం టైరు గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్న టైరుకు బ్రేకు పట్టదు, మలుపు తిరగదు, తొక్కినా ముందుకు నెట్టదు. సస్పెన్షన్ ఉంటే చక్రం ఒక్కటే రాయెక్కి దిగుతుంది, పైన బరువు పెద్దగా కదలదు.

లారీ కమాను కట్టలు చేసేదీ ఇదే కదా అనిపిస్తుంది. సగమే నిజం. స్ప్రింగు ఒక్కటే ఉంటే నొక్కిన దెబ్బను అంతే జోరుతో తిరిగి ఇచ్చేస్తుంది, బంతిలా ఎగరేస్తుంది. అందుకే ఈ సైకిళ్ల షాక్‌లో గాలి స్ప్రింగుతో పాటు నూనె కూడా ఉంటుంది. సన్నటి రంధ్రాల గుండా నూనె దూరి వెళ్లాలి కాబట్టి షాక్ నెమ్మదిగా ముడుచుకుని నెమ్మదిగా విచ్చుకుంటుంది. క్రాస్ కంట్రీ రకంలో చక్రం కదిలే మేర ముందూ వెనకా 100 నుంచి 120 మి.మీ. దాకా ఉంటుంది. కొండ దిగడానికే చేసిన డౌన్‌హిల్ సైకిళ్లలో ఇది 200 మి.మీ. వరకు పోతుంది. క్రాస్ కంట్రీ అంటే ఎక్కడం, దిగడం రెండూ. గంటల తరబడి సొంత కాళ్లతో ఎక్కాలి కాబట్టి సైకిల్ తేలిగ్గా ఉండాలి, తొక్కిన బలం స్ప్రింగుల్లో ఇంకిపోకూడదు.

ఈ చివరి చిక్కే ఈ సైకిళ్ల చరిత్రను నడిపించింది.

కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మరీన్ కౌంటీ ఉంది. 1976 అక్టోబరు 21న అక్కడి ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొందరు కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లతో ఒక మట్టిదారిలో పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ల దూరంలో 1,300 అడుగుల దిగుడు. వాటికి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు ఉండేవి. దిగేసరికి హబ్‌లో గ్రీజు కాలి పొగొచ్చేది, మళ్లీ విప్పి గ్రీజు నింపాల్సి వచ్చేది. ఆ నింపడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు కనుక దారికే రీప్యాక్ అని పేరు పడింది. ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి పెట్టిన దుకాణం పేరే మౌంటెన్‌బైక్స్. వాళ్లకు ఫ్రేములు చేసిచ్చింది టామ్ రిచీ. ఆ సైకిళ్లన్నిటికీ సస్పెన్షన్ అంటే లావు టైర్లూ, మనిషి మోకాళ్లూ, మోచేతులూ. మా ఊరి డొంకదారి లెక్కే.

1989లో మోటోక్రాస్ మెకానిక్‌గా పనిచేసి వచ్చిన పాల్ టర్నర్ చేతుల మీదుగా ముందు చక్రానికి రాక్‌షాక్స్ ఆర్ఎస్-1 సస్పెన్షన్ ఫోర్క్ వచ్చింది. రెండు అంగుళాల కదలిక కూడా లేని ఆ ఫోర్క్‌తోనే ముందు చక్రం సంగతి తేలింది. మొదటి అధికారిక ప్రపంచ పోటీలు 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగితే, క్రాస్ కంట్రీ గెలిచింది ఆ ఊళ్లోనే ఉండే నెడ్ ఓవరెండ్.

వెనక చక్రమే మొండికేసింది. పెడల్ తొక్కిన ప్రతిసారీ గొలుసు లాగుడుకూ, బరువు వెనక్కి వాలడానికీ షాక్ కుంగి లేచేది. రైడర్లు దీన్ని బాబింగ్ అంటారు. ఎక్కుడులో కొంత బలం ఊగడానికే పోయేది. ఆస్ట్రియా నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిన మోటార్‌సైకిల్ రేసర్ హోర్స్ట్ లైట్నర్ వెనక ఇరుసుకు కాస్త ముందు ఒక కీలు పెట్టి, తొక్కుడునూ బ్రేకునూ స్ప్రింగు నుంచి చాలావరకు వేరుచేశాడు. ఆ కీలుకు ఇప్పటికీ ఆయన పేరే. తర్వాత ఆ పేటెంటును స్పెషలైజ్డ్ కంపెనీ కొనుక్కుంది. అదే కంపెనీ 2003 మోడల్ ఎపిక్ సైకిల్‌లో ఇంకో ఉపాయం చేసింది. వెనక చక్రం దగ్గర ఇత్తడి ముక్కతో ఒక వాల్వు. తొక్కితే మూసుకునే ఉంటుంది. కింద నుంచి రాయి తగిలితే ఇత్తడి ముక్క కదిలి వాల్వు తెరుచుకుంటుంది, షాక్ పనిచేస్తుంది. అయినా రేసర్లు చాలాకాలం వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్‌నే నమ్ముకున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ రైడర్ యారొస్లావ్ కుల్హావీ ఫుల్ సస్పెన్షన్ మీద స్వర్ణం గెలిచాక వాదన ఆ వైపే మొగ్గింది. పోటీల దారుల్లో రాళ్లూ దూకుళ్లూ పెరిగిన కొద్దీ ఇంకా మొగ్గింది.

చరిత్ర సరే. డబ్బు పోసి కొన్న సైకిల్ కూడా కుదిర్చి పెట్టకపోతే ఎందుకూ కొరగాదని నాకు ఆర్కన్సాలో తెలిసింది.

ఇప్పుడు నేనుండేది డాలస్ ఉత్తర శివార్లలో. అక్కడి నుంచి బెంటన్‌విల్ కారులో అయిదారు గంటల దారి. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు అది. ఆ కంపెనీలో, దానికి సరుకూ సాఫ్ట్‌వేరూ అందించే కంపెనీల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు అక్కడ బాగానే ఉన్నాయి. 2007లో స్లాటర్ పెన్ అనే బాటతో మొదలైన పని, సామ్ వాల్టన్ మనవళ్లు టామ్, స్టూవర్ట్ పూనికతో, ఊరి చుట్టూ కొండల్లోకి వందల మైళ్లు అల్లుకుంది. మౌంటెన్ బైకింగ్‌కు ప్రపంచ రాజధానినని ఆ ఊరు తన గురించి తానే చెప్పుకుంటుంది. నేల మన రేగడికి పూర్తిగా ఎదురు. చెకుముకి రాళ్లు, ఓక్ చెట్ల వేర్లు, నీరు నిలవని గులక మట్టి.

అక్కడ ఒక అద్దె సైకిల్ తీసుకున్నాను. మొదటి రాళ్ల దిగుడులోనే వెనక చక్రం గిత్తలా ఎగిరితన్నింది. మూడో రాయి దగ్గర హ్యాండిల్ మీదుగా పొదలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. ఫుల్ సస్పెన్షన్ అంటే ఇదేనా అని కోపం వచ్చింది. నాతో కలిసి తొక్కే బృందంలో గుంటూరు పెద్దాయన ఒకాయన ఉన్నారు, అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన సైకిల్ చూడలేదు, నన్నే చూశారు.

"తమ్ముడూ, నీ బరువెంత?"

"డెబ్బై రెండన్నా."

"బట్టలు లేని బరువెందుకు నాకు? బూట్లు, హెల్మెట్, వీపు మీద నీళ్ల సంచీ, అన్నీ కలిపి చెప్పు."

"డెబ్బై ఆరు ఉంటుందేమో."

షాక్ కడ్డీ మీద సన్నటి రబ్బరు ఉంగరం ఒకటి ఉంటుంది. దాన్ని పైకి, సీలు దాకా జరిపారు. నన్ను మెల్లగా ఎక్కి కూర్చోమన్నారు, ఊగకుండా మెల్లగా దిగమన్నారు. ఉంగరం అయిదు మి.మీ. జరిగింది. ఆ షాక్ మొత్తం కదలిక 45 మి.మీ. అందులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు, అంటే 9 నుంచి 11 మి.మీ. మనిషి కూర్చోగానే కుంగాలి. దీన్నే సాగ్ అంటారు. నాకంటే బాగా బరువున్న మనిషికి కొట్టిన గాలి అలాగే ఉండిపోయిందన్నమాట. చిన్న చేతిపంపు బిగించి కొంచెం కొంచెంగా గాలి వదిలారు. మూడోసారికి ఉంగరం పది దగ్గర ఆగింది. తర్వాత షాక్ విచ్చుకునే జోరును తగ్గించే ఎర్ర మరను నాలుగు నొక్కులు తిప్పి, సీట్లో కూర్చునే ఫుట్‌పాత్ అంచు దిగమన్నారు. సైకిల్ ఒక్కసారి కుంగి, లేచి, కుదురుకోవాలి. రెండోసారి ఊగితే మర ఇంకా బిగించాలి. చివరికి టైరును బొటనవేలితో నొక్కి చూసి అందులోనూ గాలి తగ్గించారు. ట్యూబు లేకుండా లోపల జిగురు ద్రవం పోసే ఈ టైర్లకు నా బరువుకు 20 పీఎస్ఐ దరిదాపుల్లో చాలు. గట్టిగా గాలి కొడితే బాగా దొర్లుతుందన్నది తారు రోడ్డు లెక్క. రాళ్ల మీద అన్నిటికంటే ముందు కుంగాల్సింది టైరే.

పది నిమిషాల పని. అదే దారి మళ్లీ దిగాను. కింద రాళ్లు అవే, చక్రం వాటిని తడుముకుంటూ పోతున్నట్టు అనిపించింది.

ఈ సాగ్ ఎందుకంత ముఖ్యమో నేను తర్వాత అర్థం చేసుకున్నాను. రాయి పైకి నెట్టినప్పుడే కాదు, గుంత వచ్చినప్పుడూ చక్రం కిందికి చాచుకుని నేలను అందుకోవాలి. ముందే కొంత కుంగి ఉంటేనే చాచుకోవడానికి చోటుంటుంది.

తొక్కే తీరు కూడా మారాలి. హార్డ్‌టెయిల్ మీద రాళ్ల ఎక్కుడు వస్తే నిలబడి, బరువు తేలిక చేసి, చక్రాన్ని దాటిస్తాం. ఫుల్ సస్పెన్షన్ మీద కూర్చునే తొక్కాలి. కూర్చుంటే వెనక టైరు మీద బరువు ఉంటుంది, అది వేరు మీద నుంచి వేరు మీదికి పాకుతుంది. గుద్దినట్టు తొక్కకుండా పాదాన్ని గుండ్రంగా, ఒకే జోరులో తిప్పాలి. ఎక్కుడు కనబడగానే షాక్‌ను బిగించే లాకౌట్ మీట నొక్కేవాళ్లను చాలామందిని చూశాను. తారు రోడ్డుకు, నున్నటి మట్టిరోడ్డుకు అది మంచిదే. రాళ్ల ఎక్కుడులో బిగించడమంటే కొన్న వస్తువును చేజేతులా పారేసుకోవడమే. ఇంకో సంగతి కొత్తవాళ్లకు దెబ్బ తగిలాకే తెలుస్తుంది. మనం కూర్చోగానే సైకిల్ కుంగుతుంది కాబట్టి పెడల్ నేలకు దగ్గరవుతుంది, రాళ్లకు కొట్టుకుంటుంది. రాళ్లు దట్టంగా ఉన్నచోట పూర్తి చుట్టు తిప్పకుండా ముందుకు సగం, వెనక్కి సగం తిప్పుతూ దాటాలి.

దిగుడులో హ్యాండిల్ మీది మీటతో సీటును కిందికి దించి, నడుం వంచి, మోచేతులు బయటికి పెట్టి, బరువంతా పాదాల్లో ఉంచాలి. చేతుల్లో బరువుంటే ముందు చక్రం మాట వినదు. బ్రేకు మలుపుకు ముందే, ఒక్క వేలితో. చూపు ముందు చక్రం మీద కాదు, పది గజాల అవతల. ఇక్కడే నా చిన్ననాటి విద్య మళ్లీ పనికొచ్చింది. సస్పెన్షన్ చక్రానికి 120 మి.మీ. కదలిక ఇస్తుంది, మోకాళ్లూ మోచేతులూ కలిసి అంతకు కొన్ని రెట్లు ఇస్తాయి. ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నవాణ్ణి ఎంత ఖరీదైన షాకూ కాపాడలేదు.

కొనాలా అని అడిగేవాళ్లకు నా మాట ఇది. చెప్పుకోదగ్గ ఫుల్ సస్పెన్షన్ ధర మూడు వేల డాలర్ల దగ్గర మొదలై పది వేలు దాటుతుంది. కీళ్లలో బేరింగులు అరుగుతాయి, కిర్రుమంటాయి. ఫోర్క్‌ను సుమారు 50 గంటల తొక్కుడుకు ఒకసారి విప్పి నూనె మార్చాలి. మీ ఊరి బాటలు నున్నగా ఉంటే హార్డ్‌టెయిల్ చాలు. కొత్తవాళ్లకు మొదటి ఏడాది అదే మేలని కూడా నా నమ్మకం, తప్పుగా తొక్కితే ఆ నిమిషమే చెబుతుంది. మూడు నాలుగు గంటలు రాళ్లలో తొక్కే వాళ్లకైతే రెండో ఆలోచన వద్దు. కొలరాడోలో 1994 నుంచి లెడ్‌విల్ 100 అనే పందెం జరుగుతోంది. పదివేల అడుగుల ఎత్తులో వంద మైళ్లు, పన్నెండు గంటల గడువు. అలాంటి చోట మనిషిని ఓడించేది ఒక్క పెద్ద రాయి కాదు, వేల చిన్న కుదుపులు. నడుం, భుజాలు, అరచేతులు అలిసిపోతే కాళ్లలో బలం ఉండీ లాభం లేదు.

పిల్లల విషయంలో ఒక సంతోషం చెప్పాలి. బడి పిల్లల కోసం 2009లో ఏర్పడిన నైకా సంస్థ లీగులు ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాల్లో నడుస్తున్నాయి. అందులో ఎవరినీ బెంచీ మీద కూర్చోబెట్టరు, వచ్చిన ప్రతి బిడ్డా తొక్కాల్సిందే. మ్యాథ్ ఒలింపియాడ్, స్పెల్లింగ్ బీ తప్ప వేరే ధ్యాస లేదనుకునే మన ఇళ్ల ఆడపిల్లలు మోకాళ్లకు మట్టితో, నవ్వుతూ బాట దిగి రావడం నేను చూశాను. చూశాక ఆదివారం తెల్లవారి నిద్ర మానుకోవడం నాకు బరువనిపించలేదు.

ఇక ఆ నేల సంగతి. టైరు నేలను వదలకుండా ఉండటానికే ఇంత యంత్రం చేసుకున్నప్పుడు, ఆ నేల బాగోగులు రైడరువే. ఈ దేశంలో బాటలు వాటంతట అవి ఉండవు. 1980లలో చాలాచోట్ల సైకిళ్లను అడవిబాటల నుంచి నిషేధించారు. దానికి జవాబుగా 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కలిసి ఇంబా సంస్థను పెట్టి, బాటను ఎలా తొక్కాలి, ఎలా కట్టాలి అన్నది నియమాలుగా రాసుకున్నాయి. లెడ్‌విల్‌ను వరుసగా ఆరుసార్లు గెలిచిన డేవ్ వీన్స్ తర్వాత ఆ సంస్థకే సారథి అయ్యాడు. డాలస్ చుట్టూ బాటలు చూసుకునే ఈ పని డోర్బా అనే సంస్థ చేస్తుంది. అందులో ఉన్నవాళ్లంతా స్వచ్ఛందంగా పారా పట్టేవాళ్లే. ఏ బాట తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నది ఎప్పటికప్పుడు ప్రకటిస్తారు. వాన పడితే మూసేస్తారు. టెక్సస్‌కు కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు కొందరు దీన్ని చాదస్తం అనుకుంటారు. రేగడి నేలలో పుట్టినవాళ్లకు విడమరచి చెప్పాలా? తడి రేగడిలో పడిన టైరు గాడి ఎండితే కుండ పెంకులా గట్టిపడుతుంది. తర్వాతి వానకు నీళ్లు ఆ గాడిలోనే పారి బాటను కోసేస్తాయి. ఒక్కడు తొక్కిన పది నిమిషాలను పూడ్చడానికి పదిమంది ఒక శనివారం పారలు పట్టాలి. నేనూ ఆ శనివారాలు కొన్నిటికి వెళ్లాను. పార మొనకు అంటిన మన్ను పుల్లతో గీరుతుంటే మా ఊరి వాసనే వచ్చింది.

కొత్త సైకిల్ కొన్న ఉత్సాహంలో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒకటే. బయల్దేరే ముందు మీ బాట తెరిచి ఉందో లేదో చూసుకోండి. వెళ్లాక బూటుకు మన్ను అంటుతుంటే సైకిల్ దింపకుండానే వెనక్కి తిరగండి. గట్టి వాన పడితే డాలస్ రేగడి ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆరేదాకా ఆగండి.