ఆ అటుకులు ఎవరివి?

కొంచెంలో సంతోషపడడం గురించి మనవాళ్లు రాసినంత మరెవరూ రాసి ఉండరేమో! మజ్జిగన్నంలోకి ఆవకాయ బద్ద, మిట్టమధ్యాహ్నం చల్లని బండల మీద కునుకు, పాత చీరలతో కుట్టిన బొంత, వానపడే సాయంత్రం గుప్పెడు వేయించిన బొరుగులు... ఇవి ఉంటే ఇంద్రభోగం ఎందుకనే వ్యాసాలూ, కథలూ, రేడియో ప్రసంగాలూ ఎన్ని చదవలేదు, ఎన్ని వినలేదు! చదువుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. నాకూ ఇష్టమే. కాకపోతే పుస్తకం మూశాక నాలోని ఇల్లాలు ఊరుకోదు. ఆ ఆవకాయ ఎవరు పెట్టారు? ఆ బొంత ఎవరు కుట్టారు? ఆ బొరుగులు పొయ్యి దగ్గర నిలబడి వేయించిందెవరు?

మన విమర్శకులు సాధారణంగా వేసే ప్రశ్నలు కావివి. వారు శిల్పం చూస్తారు, ఔచిత్యం చూస్తారు, రసం చూస్తారు. వంటింటి వైపు మాత్రం చూడరు. ఈ ఒక్కసారికి మనం వంటింటి గుమ్మంలో నిలబడి సాహిత్యాన్ని చూద్దాం. ఏం పోయింది?

ముందుగా రెండు మాటలు విడదీసుకోవాలి. తృప్తి వేరు, కృతజ్ఞత వేరు. తృప్తికి నా కంచం ఒక్కటి చాలు. కృతజ్ఞతకు రెండో మనిషి కావాలి. కృతం అంటే చేసినది. చేసిన మేలును ఎరిగి ఉండడమే కృతజ్ఞత. "ఉన్నదానితో సరిపెట్టుకున్నాను" అంటే తృప్తి. "ఇది ఫలానా వారి చేతి చలవ" అంటే కృతజ్ఞత. మన సాహిత్యం మొదటిదాన్ని నెత్తిన పెట్టుకుంది. రెండోదాన్ని చాలాసార్లు దేవుడికి చెప్పేసి చేతులు దులుపుకుంది.

కుచేలుడి కథే తీసుకోండి. భాగవతం దశమస్కంధంలోది. తెలుగువాళ్లలో ఆ కథ తెలియనివాళ్లుండరు. పేదరికంలో ఉండి కూడా ఎవరినీ యాచించని బ్రాహ్మణుడు, చినిగిన ఉత్తరీయం కొంగున అటుకులు, అవి ప్రీతిగా నోట వేసుకున్న శ్రీకృష్ణుడు, రెండో పిడికిలి దగ్గర చేయి పట్టుకుని ఆపిన రుక్మిణి. ఇంటికి తిరిగి వచ్చేసరికి పూరిగుడిసె స్థానంలో మేడ! భక్తికీ, స్నేహానికీ, సంతుష్టికీ ఇంతకంటే ఉదాహరణ ఏముంటుందని మన పెద్దలంతా మెచ్చుకున్నారు.

మరి ఆ అటుకులు ఎక్కడివి? సంస్కృత మూలంలో వ్యాసుడు స్పష్టంగానే చెప్పాడు. ఇంట్లో ఏమీ లేక, కుచేలుడి భార్య ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి నాలుగు పిడికిళ్లు యాచించి తెచ్చి, గుడ్డపీలికలో కట్టి భర్త చేతికిచ్చింది. చూశారా! ఎవరినీ యాచించని మహానుభావుడనే కీర్తి ఆయనకు దక్కడానికి, యాచించే పని ఆవిడ చేసింది. మూలంలో ఆవిడకు పేరు కూడా లేదు. ఆ మాటకొస్తే కుచేలుడన్నదీ పేరు కాదు, చినిగిన బట్ట కట్టుకున్నవాడని అర్థం. కానీ ఆయనకు ఆ చినిగిన బట్టే పేరై నిలిచింది. ఆవిడ బట్ట మాత్రం కొత్తదా?

ఇక్కడ పోతనగారికి ఒక నమస్కారం పెట్టాలి. ఆకులు చేతుల్లో పట్టుకుని తల్లి చుట్టూ చేరి, పట్టెడన్నం పెట్టమని మాటిమాటికీ అడిగే పిల్లల్ని ఆయన మన కళ్లముందు నిలబెట్టాడు. ఆ పద్యం రాసిన కవి ఆకలి ఇంటి వంటింట్లోకి తొంగిచూసినవాడే. భర్త సంతుష్టుడై ఉండొచ్చు, ఆకలితో అడిగే పిల్లాడికి సంతుష్టి గురించి చెప్పాల్సింది మాత్రం తల్లే అని ఆయనకు తెలుసు. కుచేలోపాఖ్యానానికి బలం ఇచ్చింది నా దృష్టిలో ద్వారక వైభవం కాదు, ఆ ఆకుల్లోని ఖాళీ.

అయినా నాకొక సందేహం మిగిలిపోయింది. మేడ వచ్చాక ఆ నాలుగు పిడికిళ్లూ పక్కింటివాళ్లకు తిరిగి ఇచ్చారా? నవ్వకండి. మన ఇళ్లలో గ్లాసుడు పంచదార చేబదులు తెచ్చుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు గ్లాసు అంచుకు కాస్త పైకే పోసి ఇస్తాం. పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపడం తప్పని చిన్నప్పుడే నేర్చుకున్నాం. కవులు కృష్ణుడి ఋణం తీరేదాకా కథ చెప్పారు. పక్కింటి ఋణం సంగతి ఎవరూ ఎత్తలేదు.

అదే భాగవతంలో వామనుడున్నాడు. మూడడుగులతో తృప్తిపడనివాడు సప్తద్వీపాలిచ్చినా తృప్తిపడడని బలిచక్రవర్తికి చక్కగా బోధించాడు. బోధించి ఏం చేశాడు? రెండడుగుల్లో లోకాలన్నీ కొలిచేసుకున్నాడు! భక్తులు నన్ను మన్నింతురు గాక. తృప్తి గురించి ఎవరైనా మనకు బోధిస్తుంటే వారి పాదాల వైపు ఓ కన్నేసి ఉంచడం మంచిదని ఆ కథ నాకు నేర్పింది.

ఆధునిక సాహిత్యానికి వస్తే మరో తమాషా కనిపిస్తుంది. మగవాడి పొదుపు నవ్వుల పాలవుతుంది, ఆడదాని పొదుపు సుగుణమవుతుంది. గురజాడవారి 'కన్యాశుల్కం' మొదట 1892లో ప్రదర్శించారు, తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. అందులో లుబ్ధావధాన్లు పిసినారితనానికి ఈనాటికీ నవ్వుతున్నాం. గురజాడ మహాకవి కాబట్టి నవ్వు దగ్గర ఆగలేదు. పైసా పైసా కూడబెట్టిన ముసలివాడు ఆ డబ్బుతో పసిపిల్లను కొనుక్కోబోతాడు. పొదుపు ఎక్కడ పాపమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పినవారు లేరు. ఖర్చు తాను మానుకుని, దాని బరువు మరొకరి మెడకు చుడితే అది పొదుపు కాదు.

ఇక మన వారపత్రికలు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' వచ్చిన రోజుల్లో ఎన్ని ఇళ్లలో ముందుగా ఆ పేజీయే తిప్పి ఉంటారో! పురాణం సీత పేరుతో అవి రాసినవారు ఆవిడ భర్త పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. ఎంత చురుకు, ఎంత చమత్కారం! ఆ వాక్యం నడక మీద నాకు అసూయ. కాకపోతే ఆ ముచ్చట్లు మళ్లీ చదివినప్పుడల్లా, పడక్కుర్చీలో కూర్చున్న మనిషి తలుపు సందులోంచి చూసిన వంటిల్లులా తోస్తుంది. కాఫీ పరిమళం తెలుస్తుంది, పొయ్యి సెగ తగలదు.

భానుమతీ రామకృష్ణగారి 'అత్తగారి కథలు' వేరు. అక్కడ నవ్వేది కోడలు, నవ్వించేది అత్తగారు. ఆ అత్తగారి ఆచారాలూ, పట్టుదలలూ, వంటింటి సామ్రాజ్యమూ అన్నీ హాస్యమే. కానీ ఆ హాస్యం కింద "మా ఇల్లు ఈవిడ చేతి మీదుగా నడిచింది సుమా" అనే ఎరుక ఉంది. ప్రేమగా వేళాకోళం చేయడం కూడా ఋణం తీర్చుకునే పద్ధతుల్లో ఒకటి. మాలతీ చందూర్‌గారు 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల తరబడి నడిపిన 'ప్రమదావనం'లో మరో గుణం చూశాను. ఆవిడ పొదుపుగా ఇల్లు దిద్దుకోవడం చెప్పారు, వంటలు చెప్పారు, 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచపు గొప్ప నవలల్నీ పరిచయం చేశారు. ఇల్లాలికి చారులో పోపు ఎంత అవసరమో పుస్తకమూ అంతే అవసరమని నమ్మిన మనిషి. కొంచెంతో తృప్తిపడమని చెప్పడం వేరు, కొంచెంలోంచి ఎక్కువ చూపించడం వేరు.

ఈ ప్రశ్నలన్నీ నాకు పుస్తకాల్లోనే పుట్టలేదు. నేను కాపురం ఉంటున్నది బేతంచెర్లలో. ఇప్పుడు నంద్యాల జిల్లా, 2022 దాకా కర్నూలు జిల్లా. మా ఊరి పేరు మీరు వినకపోయినా మా ఊరి బండల మీద ఎప్పుడో నడిచే ఉంటారు. నాపరాతి బండలకు ప్రసిద్ధి ఈ ప్రాంతం. భూమిలో పొరలు పొరలుగా ఉండే రాయిని గడ్డపారతో, ఉలితో, సమ్మెటతో విడదీసి, మిషన్ల మీద కోసి, నీళ్లు పోస్తూ నునుపు చేసి లారీలకెత్తుతారు. మొజాయిక్కులూ, టైల్సూ రాకముందు మధ్యతరగతి ఇంటి నేల అదే, వంటగట్టు అదే, పెరట్లో బట్టలుతికే బండా అదే. ఏప్రిల్ ఎండల్లో తడిగుడ్డతో తుడిచిన నాపబండ మీద వెన్ను వాల్చితే ఆ సుఖానికి కరెంటు బిల్లు లేదు.

ఆ చలువను నేను ఒకరోజు మా వీధిలోనే ఉండే ఒకామె దగ్గర పొగిడాను. చాలా ఏళ్లు బండల పనికి పోయిన మనిషి. ఆమె నవ్వి, "బండ సల్లగుంటాదని అందరూ అంటారక్కా. ఆ సల్లదనం పండుకున్నోళ్లకే తెలిసేది. మోసేటోళ్లకు బరువే తెలుస్తాది" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. నేను బి.ఏ.లో చదివిన అలంకార శాస్త్రం అంతా ఒక పక్క, ఆ మూడు ముక్కలు ఒక పక్క! చలువ అనుభవించినవాడు రాస్తే అది వ్యాసం. మోసినవాడి బరువు కూడా అందులోకి వస్తే అప్పుడది సాహిత్యం.

మా వైపు పొద్దున టిఫిను ఉగ్గాని. బొరుగుల్ని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పసుపూ వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతాం. పక్కన మిరపకాయ బజ్జీ. కుచేలుడి అటుకులకు దగ్గరి చుట్టమే అనుకోండి. ఇడ్లీకిలా రాత్రి రుబ్బే పని లేదు, పావుగంటలో ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఇంత చవకగా ఇంత రుచి దొరకడం అదృష్టమే. కాకపోతే బొరుగుల బట్టీలో కాగే ఇసుక ముందు కూర్చున్న మనిషిని తలుచుకుంటే, చవక అనే మాట కాస్త నెమ్మదిగా అనాలనిపిస్తుంది.

రాయలసీమ కవులు ఈ విషయంలో మనల్ని మోసపుచ్చలేదు. విద్వాన్ విశ్వంగారి 'పెన్నేటి పాట' 1956లో పుస్తకంగా వచ్చింది. కరువు సీమలో రంగడూ, గంగమ్మా అనే దంపతుల కథ. వాళ్లకూ ప్రేమ ఉంది, చిన్న చిన్న ఆశలున్నాయి. పేదరికం ఎంత అందమైనదో అని ఆయన మురిసిపోలేదు. లేమినీ పొదుపునూ ఒకటిగా చూడలేదు. పొదుపు చేయడానికి ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! లేనివాడికి తృప్తి నేర్పడం, ఎండిన బావికి చేద వేయడం లాంటిదే.

మరి ఆడవాళ్ల పొదుపు గురించి నమ్మకంగా చెప్పగలిగిన కథ లేదా అంటే ఉంది. అది నవలల్లో కంటే నెల్లూరు జిల్లాలో గట్టిగా కనబడింది. 1990ల మొదట్లో దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా అక్షరాస్యతా పుస్తకంలోకి ఎక్కింది. రాత్రిబడుల్లో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు మా ఊళ్లోనూ ఇదే చేద్దామన్నారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి చొప్పున దాచుకునే 'పొదుపు లక్ష్మి' బృందాలు మొదలయ్యాయి. పోపులపెట్టె అడుగున దాచిన రూపాయి ఇంట్లో ఎవరికైనా దొరికిపోతుంది. పదిమంది కలిసి దాచిన రూపాయికి పుస్తకం ఉంటుంది, లెక్క ఉంటుంది, ఎవరు ఎంత ఇచ్చారో పేరు ఉంటుంది. మన వ్యాసాల్లో లేనిది సరిగ్గా ఆ పేరే.

అందుకని, చిన్న చిన్న సంతోషాల గురించి రాయొద్దని నేననడం లేదు. బాగా రాయండి, ఇంకా రాయండి. బంగినపల్లి మామిడిపండు టెంక చీకే ఆనందం గురించి ఎంత రాసినా మా వైపువాళ్లకు విసుగు పుట్టదు. అలాంటి రచన చదివినప్పుడు మీరు ఒక్కటే గమనించండి. ఆ సంతోషం ఎవరి చేతి మీదుగా వచ్చిందో రచయితకు తెలుసా? తెలిస్తే వాక్యంలో ఎక్కడో ఓ చోట ఆ చెయ్యి కనబడుతుంది. కనబడకపోతే అది తృప్తి మాత్రమే. తృప్తి మంచిదే కానీ అది మనల్ని నిద్రపుచ్చుతుంది. కృతజ్ఞత లేపి కూర్చోబెట్టి, గిన్నె తోమి తిరిగి ఇచ్చి రమ్మంటుంది.

కుచేలోపాఖ్యానాన్ని ఎవరైనా ఒక ఇల్లాలు మళ్లీ రాస్తే చదవాలని ఉంది. మేడా, మణులూ, పట్టుచీరలూ అన్నీ అలాగే ఉండనివ్వండి. చివర ఒక్క దృశ్యం కలిపితే చాలు. ఆవిడ కొత్త ఇల్లు పూర్తిగా చూసుకోకముందే చాటలో అటుకులు పోసుకుని, పిడికిలితో నాలుగు కొలిచి, పైన ఇంకొకటి వేసి, పక్కింటి తలుపు తడుతుంది.