దోషమెచ్చట నున్నది?

వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలయందలి పాత మోటారు షెడ్లలో నేటికిని ఒక విద్య సజీవముగా నున్నది. అంబాసిడరు, పద్మిని, తొలినాటి మారుతి 800 వంటి కార్లు నిలిచిపోయినపుడు కన్ను, చెవి, ముక్కు, ఒక చిన్న టెస్టు ల్యాంపు, వీనితో మాత్రమే దోషమూలమును కనుగొను విద్య యది. హిందుస్థాన్ మోటార్సువారి అంబాసిడరు 1957-58 ప్రాంతమున ఉత్తరపాడాలో పుట్టినది. ఇంచుమించుగా నదే కాలమున, 1959 అక్టోబరులో, మా వరంగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. కళాశాలలో బోధించిన యంత్రశాస్త్రమునకు గ్రంథములు కలవు. షెడ్డులో మేస్త్రీకి పానాలందించుచు బాలురు నేర్చిన యంత్రశాస్త్రమును వ్రాసిపెట్టినవారు అరుదు. ఈ రెండవదియు తర్కబద్ధమైన శాస్త్రమే యని నా దృఢవిశ్వాసము.

మంచి మేస్త్రీ బానెట్టు తెరువక ముందే ప్రశ్నించును. "ఎప్పుడు ఆగుతుంది సార్? చల్లగున్నప్పుడా, వేడైనంకనా? వానల తడిసిందా? మొన్న ఏం పని చేయించిన్రు?" ఈ చివరి ప్రశ్న అన్నింటికంటె విలువైనది. చేయి పడిన చోటనే క్రొత్త దోషము పుట్టుట మిక్కిలి తరచు; అంబాసిడరు, పద్మినుల ఇంజనులలో ఒకటి, మూడు, నాలుగు, రెండు అను వరుసను రగులవలసిన సిలిండర్లకు, ప్లగ్గులు మార్చిన కుఱ్ఱవాడు రెండు వైర్లను తారుమారుగా తగిలించిన చాలును, బండి దగ్గుచు నిలిచిపోవును.

ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున, పర్వతముపై పొగను జూచి నిప్పును నిశ్చయించుటను అనుమానప్రమాణమునకు ఉదాహరణముగా గ్రహించెను. మా మేస్త్రీలు పొగయొక్క రంగును గూడ విచారింతురు. నల్లని పొగ వచ్చినచో పెట్రోలు మిక్కుటమై గాలి చాలుట లేదు. చోకు ఇరుక్కొన్నదో, ఎయిర్ ఫిల్టరు మూసికొన్నదో చూడవలెను. నీలిపొగ యైనచో ఆయిలు మండుచున్నది, రింగులో వాల్వు గైడులో అరిగినవి. ఇంజను వేడెక్కిన పిదపను తగ్గని తెల్లపొగ, హెడ్ గాస్కెట్టు చెడి నీరు సిలిండరులోనికి దిగుచున్నదని శంకింపజేయును.

ఇక "మిస్సింగ్ కొడుతుంది" అని తెచ్చిన బండిని పరీక్షించు తీరు ఈ విద్యకంతటికి ఆయువుపట్టు. ఇంజను నడచుచుండగనే మేస్త్రీ ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి చూచును. మంచి సిలిండరు వైరును తీసినపుడు ఇంజను శబ్దము క్రుంగును. ఏ వైరును తీసినను శబ్దమున భేదము కానరాదో ఆ సిలిండరు పనిచేయుట లేదు. అది మూడవదనుకొందము. సామాన్యుడు వెంటనే క్రొత్త ప్లగ్గు కొనుమనును. నిపుణుడు మూడవదాని ప్లగ్గును రెండవదానిలో, రెండవదానిని మూడవదానిలో బిగించి మరల వినును. దోషము ప్లగ్గు వెంటబోయినచో తప్పు ప్లగ్గుది. అచ్చటనే నిలిచినచో వైరును, ఆపై డిస్ట్రిబ్యూటరు క్యాపును శోధించును. అప్పటికిని తేలనిచో ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలదిమి, సెల్ఫ్ కొట్టించి, గాలి త్రోపు ఎంత యున్నదో చూచి వాల్వుల సంగతి తేల్చును. కారణమున్నచో కార్యముండుట, అది లేనిచో లేకుండుట యని మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకములు ఇవియే. ఒకసారికి ఒక్కదానినే కదల్పవలెను. రెండింటిని ఒక్కమారు మార్చినవాడు బండిని బాగుచేసినను కారణమును పోగొట్టుకొనును.

కరెంటు దోషములలో అందరను మోసపుచ్చునది ఎర్తు. "సెల్ఫ్ తీస్కుంట లేదు" అని బ్యాటరీ మార్చి, సెల్ఫ్ మోటారును విప్పించి, అయినను ఫలితము గానని యజమానులెందరో! ఇంజను రబ్బరు మౌంటింగులపై కూర్చుండుటచే, దానిని బాడీతో కలుపుటకు అల్లిన రాగిపట్టీ యొకటి యుండును. అది త్రుప్పుపట్టినచో, సెల్ఫ్ కోరు వంద ఆంపియర్లకు మించిన ప్రవాహము వేరు దారి లేక చోకు కేబులు గుండనో యాక్సిలరేటరు కేబులు గుండనో పోజూచును. ఆ సన్నని కేబులు చేయి కాలునంతగా వేడెక్కును. ఆ వేడిని ముట్టి గ్రహించిన మేస్త్రీ, బ్యాటరీ ఎర్తు కొసనుండి ఇంజను దిమ్మెకు లావుపాటి కేబులు తగిలించి మరల సెల్ఫ్ కొట్టించును. ఇంజను గిఱ్ఱున తిరిగినచో నిర్ణయము ముగిసినది. పట్టీని విప్పి, ఉప్పుకాగితముతో రుద్ది బిగించుటయే మిగిలిన పని. ఇంత స్వల్పమైన పనికి డబ్బేమని యజమాని గొణుగును. భాగమునకు వెల నిచ్చి నిర్ణయమునకు ఈయని ఈ యాచారము అన్యాయము. అక్కరలేని భాగములు మార్చు అలవాటు ప్రబలుటకు ఇదియే మూలమని నేను తలంతును.

వేసవిలో, ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో, నడచుచున్న పద్మిని ఆగిపోయి, చల్లబడిన పిదప ఏమియు నెఱుగనట్లు బయలుదేరును. ఇంజను ప్రక్కన బిగించిన పంపులో పెట్రోలు ఆవిరియై ప్రవాహము తెగియుండవచ్చును; కాయిలో కండెన్సరో వేడికి చెడియుండవచ్చును. చల్లారిన వెనుక రెండును నిర్దోషములుగనే కనబడును గావున, ఆగిన క్షణముననే కాయిలు నడిమి వైరును ఇంజను దిమ్మెకు చేరువగా పట్టి సెల్ఫ్ కొట్టింపవలెను. నీలిమెఱుపు చిటుక్కున దూకినచో కరెంటు సరియే, పంపుపై తడిగుడ్డ చుట్టవలెను. మెఱుపు పసుపువన్నెగా సన్నగిల్లినచో కాయిలు, కండెన్సరు, పాయింట్లు చూడవలెను. పాయింట్లు మాడి, వాని నడుమ మంట పెద్దదిగా ఎగయుచున్నచో కండెన్సరే దోషి. తాడ్వాయి అడవిదారిలో విడిభాగముల దుకాణముండదు. అచ్చట ఈ తెలివియే దిక్కు.

2000 ప్రాంతమున కార్బురేటర్లు తొలగసాగినవి. 2013 ఏప్రిలు నుండి క్రొత్త కార్లకు, దోషమును సంకేతరూపమున తెలుపు ఓబీడీ-2 వ్యవస్థ విధిగా వచ్చినది. ఈ బండ్లకు స్కానరు తగిలింపగనే పి0303 అను సంకేతము కనబడవచ్చును. మూడవ సిలిండరులో మంట తప్పుచున్నదని దాని భావము. ఎందుచేతనో అది చెప్పదు. ప్లగ్గు ప్లగ్గుకు విడి కాయిలున్న బండియైనచో, పాత షెడ్డులో నేర్చినవాడు మూడవ సిలిండరు కాయిలును రెండవదానిపై బిగించి, సంకేతమును చెరిపి, బండిని కొంతదూరము నడిపి మరల చూచును. పి0302 వచ్చినచో కాయిలు మార్చును. పి0303యే నిలిచినచో ప్లగ్గు విప్పును.