సెమీకోలన్ తీసేసి చూడండి

బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ కలిసి రాసిన 'ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' 1978లో వచ్చింది. ప్రోగ్రామర్లు కె అండ్ ఆర్ అని పిలుచుకునే ఆ పుస్తకంలో మొట్టమొదటి అభ్యాసం కొత్తవాళ్లకి కాస్త వింతగానే ఉంటుంది. తెర మీద 'హలో, వరల్డ్' అని చూపించే ప్రోగ్రామ్ ఇచ్చి, దాన్ని నడపమంటారు. నడిచాక అందులోంచి ఒక్కో ముక్క తీసేస్తూ ఏ ఎర్రర్లు వస్తాయో చూడమంటారు. నేర్చుకోవడం ఇంకా మొదలైందో లేదో, అప్పుడే చెడగొట్టమంటున్నారన్నమాట!

ఆ పని చేసినవాళ్లకి మొదటి రోజే ఒక సంగతి బోధపడుతుంది. సెమీకోలన్ తీసేసింది ఒక లైన్లో అయితే, కొన్ని కంపైలర్లు తప్పంతా దాని కింది లైన్‌దే అంటాయి. ఎర్రర్ చూపించిన చోటే తప్పు ఉండాలని లేదు, ఒక లైన్ పైకి కూడా చూడాలి. ఇది తెలియక గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎందరో. పైగా తనే కావాలని తెచ్చుకున్న ఎర్రర్ కాబట్టి భయం ఉండదు.

అదే అధ్యాయంలో ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే పట్టిక ఉంటుంది. సున్నా నుంచి 300 దాకా, 20 డిగ్రీలకో వరుస. సూత్రం బడిలో చదివిందే: 32 తీసేసి 5/9తో గుణించడం. తీరా 5/9 అని ముందే రాసి గుణించామా, సెల్సియస్ వైపు అన్నీ సున్నాలే. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సీ దశాంశాలని వదిలేస్తుంది, కాబట్టి దాని లెక్కలో 5/9 సున్నా. అందుకే రచయితలు ముందు 5తో గుణించి, తర్వాత 9తో భాగించారు. అయినా 0 ఫారెన్‌హీట్‌కి -17 అని వస్తుంది, రావలసింది -17.8. మిగతా 0.8 ఏమైందన్న అనుమానం వచ్చిందంటే, ఫ్లోటింగ్ పాయింట్ పాఠం వినడానికి విద్యార్థి సిద్ధమైనట్టే.

ఆ పట్టిక మీద ఇచ్చిన అభ్యాసాలు చూడండి. పైన శీర్షిక పెట్టమంటారు. సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కి రాయమంటారు. 300 నుంచి కిందికి దిగమంటారు. దేనికైనా మార్చాల్సింది కొద్ది లైన్లే. ఈ అభ్యాసాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఖాళీ తెర ముందు కూర్చోబెడితే భాష నియమాలు, లెక్క, ఎడిటర్, కంపైలర్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మార్చమంటే ఆలోచించాల్సింది ఒక్కటే.

ఈ అభ్యాసాలకి జవాబులు రాసి క్లోవిస్ టోండో, స్కాట్ గింపెల్ 'ది సీ ఆన్సర్ బుక్' అని ఏకంగా మరో పుస్తకమే వేశారు. అసలు పుస్తకంలో అప్పటిదాకా చెప్పినవాటితోనే ప్రతి జవాబూ రాయాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. తర్వాతి అధ్యాయంలోని సులువు దారి తెలిసినా వాడరు. అభ్యాసాలు తయారుచేసే మన అధ్యాపకులు కూడా ఈ నియమం పెట్టుకుంటే బాగుంటుంది.

మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో ప్రోగ్రాములకేం కొదవలేదు. పాలిండ్రోమ్, ఫిబొనాచి, ఫాక్టోరియల్, నక్షత్రాల పిరమిడ్. ఇవేమీ చెడ్డ ప్రశ్నలు కావు. ఏటా అవే ప్రశ్నలు, అవే అంకెలు కావడంతోనే చిక్కంతా. ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యే తీసుకోండి. ఒక్కో అంకెనీ ఘనం చేసి కూడితే 153 మళ్లీ 153 అవుతుంది. బట్టీపట్టిన ప్రోగ్రామ్ దానికి సరైన జవాబే ఇస్తుంది. దానికే 1634 ఇచ్చి చూడండి, కాదు పొమ్మంటుంది. నాలుగంకెల సంఖ్య కాబట్టి నాలుగో ఘాతం వేయాలి, అప్పుడు లెక్క సరిగ్గా కుదురుతుంది. వైవాలో ఈ ఒక్క సంఖ్య మారిస్తే చాలు, రికార్డు ఎవరు రాశారో, ఎవరు ఎక్కించుకున్నారో తేలిపోతుంది.

అభ్యాసాలు వేరే తీరుల్లోనూ ఇవ్వొచ్చు. రూబీ భాష నేర్పడానికి జిమ్ వీరిక్, జో ఓబ్రయన్ చేసిన 'రూబీ కోన్స్'లో చాలామటుకు ప్రోగ్రామ్ రాయమని అడగరు. చిన్న చిన్న పరీక్షల్లో ఖాళీలుంటాయి, ఫలానాది ఎంతవుతుందో నింపాలి. ఒకటి నెగ్గితేగానీ తర్వాతిది రాదు. రస్ట్ భాషకి 'రస్ట్‌లింగ్స్' ఉంది. అందులోని ఫైళ్లు చాలామటుకు కావాలనే కంపైల్ కాకుండా పెట్టినవి. రస్ట్‌లో ఒక స్ట్రింగ్‌ని వేరే వేరియబుల్‌కి అప్పగించాక పాత పేరుతో దాన్ని వాడబోతే కంపైలర్ ఒప్పుకోదు. సీ నుంచో జావా నుంచో వచ్చినవాళ్లు ఇక్కడ తల పట్టుకుంటారు. కంపైలర్ ఎందుకు కాదంటోందో పూర్తిగా చదివి, ఫైలు బాగుచేయడమే అక్కడ పాఠం.

ఒక భాష వచ్చి రెండోది నేర్చుకునేవాళ్ల అవస్థ వేరు. వాళ్లు పైతాన్‌లో కూడా సీనే రాస్తారు. జాబితాలో వస్తువులు నేరుగా చేతికొస్తుంటే, సున్నా నుంచి లెక్కపెట్టుకుంటూ ఇండెక్స్‌తో తవ్వుతారు. జవాబు సరైనదే వస్తుంది కాబట్టి తప్పని ఎవరూ చెప్పరు. 2013లో కాట్రీనా ఓవెన్ మొదలుపెట్టిన 'ఎక్సర్‌సిజమ్' ఇలాంటివాళ్లకి పనికొస్తుంది. చాలా లెక్కలు అన్ని భాషల్లోనూ అవే ఉంటాయి, తోడుగా పరీక్షలు ఇస్తారు. పరీక్షలన్నీ నెగ్గాక, ఆ భాష బాగా తెలిసిన మెంటర్లు స్వచ్ఛందంగా మన కోడ్ చదివి సలహా చెబుతారు. ఇతరుల జవాబులు కూడా చూడొచ్చు. నా మటుకు పరీక్షలు నెగ్గడం కన్నా ఆ చూడటంలోనే ఎక్కువ లాభం.

అంతదాకా వెళ్లకుండా ఇంట్లోనే చేసుకోదగ్గది ఒకటుంది. సరి సంఖ్యా బేసి సంఖ్యా అని తేల్చే ప్రోగ్రామ్, ల్యాబ్‌లో అందరూ రాసిందే. రెండుతో భాగిస్తే శేషం ఒకటి వస్తే బేసి అని రాసి, సీలో -7 ఇవ్వండి. బేసి కాదంటుంది, అక్కడ శేషం -1 మరి. జావాలోనూ అంతే. పైతాన్‌లో శేషం 1, కాబట్టి బేసి అంటుంది. ఇంకో భాష నేర్చుకుంటుంటే అందులో ఏమొస్తుందో ముందు కాగితం మీద రాసుకుని, అప్పుడు రన్ చేయండి.