అంకుల్ అనలేని ఇల్లు

పోయిన ఆదివారం హన్మకొండలో మా పఠన బృందం పిల్లలకు నా నవల చిత్తుప్రతి నుంచి మూడో అధ్యాయం చదివి వినిపించాను. ఇంటర్ చదివే ఇద్దరమ్మాయిల స్నేహం కథ అది. ఒకమ్మాయి తండ్రి ఎమ్మెల్యే. రెండో అమ్మాయి తండ్రి ఎనుమాముల మార్కెట్‌ యార్డులో హమాలీ. ఆ అధ్యాయంలో హమాలీ కూతురు మొదటిసారి స్నేహితురాలి ఇంటికి వెళ్తుంది. హాల్లో ఎమ్మెల్యే ఎదురుపడితే "నమస్తే అంకుల్" అంటుంది. అక్కడికి రాగానే పదిహేనేళ్ల పిల్ల ఒకతి చెయ్యెత్తింది.

"మేడమ్, అట్ల ఎవ్వలు పిలువరు. సార్ అంటరు."

"దోస్తు వాళ్ల నాయినే కదమ్మా?"

"అయినా గంతే మేడమ్. ఆ పిల్లనేమో వీళ్ల అమ్మను ఆంటీ అంటది. ఈ పిల్ల మాత్రం సార్ అనాలె."

మిగతా పిల్లలు తలలూపారు. ఏ ఒక్కరికీ అందులో అనుమానం లేదు. రెండేళ్లుగా రాస్తున్నాను ఈ నవల. గన్‌మెన్ ఉన్నారు, తెల్ల కార్లు ఉన్నాయి, పొద్దున్నే దరఖాస్తులు పట్టుకుని గేటు ముందు నిలబడే జనం ఉన్నారు. అధికారమంటే ఏమిటో బాగానే చూపించాననుకున్నాను. అది ఆ ఇంట్లో ఏ మాటలో కూర్చుని ఉందో పిల్ల చెబితే గానీ తెలియలేదు.

పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం రాయడం తెలుగులో ఇంకా గట్టిపడని దారి. చిన్నపిల్లలకు కథలున్నాయి, 1947లో మొదలైన చందమామ ఎన్ని తరాలను పెంచిందో లెక్కలేదు. పెద్దవాళ్లకు నవలలకు కొదవ లేదు. మధ్యలో ఉన్న వయసువాళ్ల చేతుల్లో మాత్రం మెటీరియల్ పుస్తకాలు, క్వశ్చన్ బ్యాంకులు పెట్టి ఊరుకున్నాం. మనుషుల మధ్య హెచ్చుతగ్గులను మొదటిసారి కళ్లారా చూసే వయసు అదే. నిన్నటిదాకా ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికీ ఫీజు కట్టే రోజున, సీటు వచ్చే రోజున తేడా తెలిసొస్తుంది. 1967లో అమెరికాలో ఎస్.ఇ. హింటన్ 'ది ఔట్‌సైడర్స్' అచ్చువేసే నాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. డబ్బున్న కుర్రాళ్ల గుంపు, లేని కుర్రాళ్ల గుంపు మధ్య తగువులను హైస్కూల్లో ఉండగానే రాయడం మొదలుపెట్టింది. ఆ వయసు వాళ్లకు ఇవన్నీ అర్థం కావని అనేవాళ్లతో నేను వాదించను, ఆ పుస్తకం చేతికిస్తాను.

మన దగ్గర ఈ సంగతిని పెద్దల నవలలే ముందుగా పట్టుకున్నాయి. దాశరథి రంగాచార్య 1928లో చిన్నగూడూరులో పుట్టారు. అప్పుడది వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. ఆయన 'చిల్లర దేవుళ్లు'ను చాలామంది దొరల దౌర్జన్యం నవలగా గుర్తుపెట్టుకున్నారు. 1977లో సినిమాగా కూడా వచ్చింది. నేను దాన్ని మొదట చదివింది ఇంటర్ అయ్యాక. నా మనసులో నిలిచిపోయింది దొర కాదు, ఒకే గడిలో ఉండే ఇద్దరు పడుచులు. మంజరి దొర కూతురు, వనజ ఆడబాప. ఆడబాప అంటే దొర ఇంటి ఆడపిల్ల పెళ్లయి వెళ్తుంటే సారెతో పాటు వెంట పంపే దాసీపిల్ల. ఒకే కప్పు కింద, ఇంచుమించు ఒకే ఈడు. ఒకరికి గడి పుట్టిల్లు, ఇంకొకరికి తప్పించుకోలేని చోటు. గడులు ఇప్పుడు కూలిపోయి తుమ్మలు మొలిచాయి గానీ, ఆ ఇద్దరి మధ్య దూరం మన కాలేజీల్లో వేరే బట్టలు కట్టుకుని తిరుగుతూనే ఉంది. ఇప్పుడు దానికి ఊళ్లో అందరూ వాడే మాట పైరవీ.

పైరవీ గురించి రాసేటప్పుడు మొదటి చిత్తులో నేను పెద్ద తప్పు చేశాను. ఎమ్మెల్యే కూతుర్ని పొగరుబోతుగా రాశాను. పొగరుబోతుతో స్నేహం తెగిపోవడం సులువు, పాఠకులకు కూడా బాధుండదు. నాకు తెలిసిన అమ్మాయి అలాంటిది కాదు. చాలా మంచిది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా తమ్ముడికి హాస్టల్ సీటు రాలేదు. నా స్నేహితురాలి తండ్రి అప్పట్లో పలుకుబడి ఉన్న నాయకుడు. నేను అడగకుండానే ఆమె ఇంట్లో చెప్పింది. మూడో రోజు సీటు వచ్చింది. అమ్మ స్టీలు డబ్బా నిండా సకినాలు చేసి వాళ్లింటికి పంపింది. ఆ డబ్బా తిరిగి రాలేదు. అడుగుదామని అమ్మకూ అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆమె మా హాస్టల్ వెనక గోడ దూకి బయటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది, వార్డెన్‌కు తెలిసిపోయింది. "గేటు నుంచే పోయిన, తాతకు చెప్పే పోయిన అని చెప్తున్న. నువ్వు గూడ చూసిన అని చెప్పవే" అంది. నేను చెప్పాను. గోడ దూకిన సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. చెప్పి వెళ్లినా రిజిస్టర్‌లో రాయలేదన్న తప్పు వాచ్‌మన్ తాత మీద పడింది. వారం తిరక్కముందే ఆయన్ను తీసేశారు.

సైకిల్ క్యారియర్‌కు దుప్పటి, టిఫిన్ గిన్నె కట్టుకుని వెళ్తూ గేటు దగ్గర నన్ను చూసి ఆగాడు. ఏమీ అడగలేదు. "మంచిగ చదువుకో బిడ్డా, పైలం" అన్నాడు.

విషయం తెలిసి నా స్నేహితురాలు ఏడ్చింది. "డాడీకి చెప్త, ఇంకోకాడ పెట్టిస్తడు" అంది. మనస్ఫూర్తిగానే అంది. చెప్పిందో లేదో నేను అడగలేదు. మా ఇద్దరికీ అది ఒకటే రహస్యం. ఆమె చేతిలో అది ఫోన్ చేస్తే సర్దుకునే పొరపాటు. నా చేతిలో అది తమ్ముడి సీటు, అమ్మ పంపిన డబ్బా, సైకిల్ మీద కట్టిన దుప్పటి. నవలలో నేను రాయవలసింది ఈ తేడానే. దాని కోసం ఎవర్నీ చెడ్డవాళ్లను చేయనక్కర్లేదు. ఎమ్మెల్యే కూతుర్ని మళ్లీ మంచిదానిగా రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఇంకో చిక్కు రహస్యాన్ని ఎక్కడ విప్పాలన్నది. ఇదివరకు చివర్లో విప్పేదాన్ని, పాఠకులు ఉలిక్కిపడాలని. ఇప్పుడు గోడ దూకిన సంగతి ముందే చెప్పేస్తున్నాను. తెలిసి కూడా నోరు మెదపకుండా పేజీ తర్వాత పేజీ నడవడం ఎలా ఉంటుందో చదివేవాళ్లకూ తెలియాలి. తాతను కూడా ముందుకు జరిపాను. అబద్ధం పుట్టేనాటికి ఆయన వాళ్లకు బాగా తెలిసినవాడు కావాలి. మా హాస్టల్లో ఆయన ఆడపిల్లలందర్నీ ఊరి పేరుతోనే పిలిచేవాడు. "ఓ పరకాల బిడ్డా, నీకు ఉత్తరమొచ్చింది." "జనగామ పిల్లా, మీ నాయినొచ్చిండు." ఎవరి ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో ఆయనకు కంఠతా వచ్చు.

ఆదివారం ఆ భాగం కూడా చదివాను. 'సార్' దగ్గర నన్ను ఆపిన పిల్లే మళ్లీ చెయ్యెత్తింది.

"తాత పేరేంది మేడమ్? అన్ని పేజీల్ల తాత, తాత అనే ఉన్నది."

కాగితాలు వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా రాయలేదు. రెండేళ్లు ఆ గేటులోంచి రోజూ వెళ్లొచ్చాను. ఆయన పేరు నాకు తెలియదని ఆ పిల్లలకు చెప్పాను.