సొరబుర్రలో గులకరాళ్లు

అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన నవల 'రూట్స్' తెలుగులోకి 'ఏడు తరాలు'గా వచ్చింది. సహవాసి సంక్షిప్తంగా అనువదించారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. హైదరాబాద్ దగ్గరి మా ఇబ్రహీంపట్నంలో చదువుకుంటున్న ప్రతి దళిత పిల్ల, పిల్లాడి చేతిలో ఈ పుస్తకం ఉండాలంటాను. అందులోని పనితనం అలాంటిది.

గాంబియాలోని జుఫ్ఫురే ఊరి కుర్రాడు కుంటా కింటేను పట్టి, గొలుసులు వేసి, 1767లో అమెరికాలోని అనాపొలిస్ రేవులో దించుతారు. యజమాని టోబీ అని పేరు పెడతాడు. పదేపదే పారిపోతుంటే సగం పాదం నరికేస్తారు. హేలీ మాత్రం గొంతు పెంచడు. కుంటాకు ఒక ఎండు సొరబుర్ర ఇస్తాడు, అంతే. నెలపొడుపు వచ్చినప్పుడల్లా కుంటా అందులో ఒక గులకరాయి వేస్తాడు. దొర లెక్కల్లో అతనొక ఆస్తి. ఆ బుర్రలో మాత్రం అతనికి వయసుంది, ఊరుంది. కూతురు కిజ్జీని అమ్మేసిన రోజున ఆ బుర్రనే నేలకేసి కొడతాడు. దుఃఖాన్ని పేజీలకు పేజీలు వర్ణించే మన రచయితలు ఈ ఒక్క ఘట్టం చదివితే చాలు.

కిజ్జీ చేసిన నేరమేమిటి? రాయడం నేర్చింది. తను మనసుపడ్డ నోవా పారిపోవడానికి దొంగ అనుమతి చీటీ రాసిచ్చింది. అయితే అప్పటికే తండ్రి తన ఊరి నది పేరు, తన భాషలోని మాటలు ఆమెకు అప్పజెప్పాడు. వాటిని ఆమె కొడుకు జార్జికి చెప్పింది, జార్జి తన పిల్లలకు చెప్పాడు. అలా అవి అదే వంశంలో పుట్టిన తన దాకా చేరాయంటాడు హేలీ. అంత లావు నవలను కుదించడమంటే మాటలా? ఎక్కడ కోసినా వంశం తెగుతుంది. సహవాసి ఆ వరస తెగనివ్వలేదు. కొత్తగా పుస్తకం పట్టినవాళ్లు సైతం ఆగకుండా చదివే తెలుగులో చెప్పారు.

ఈ పుస్తకం వేసిన బుక్ ట్రస్ట్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గీతా రామస్వామి 1980లలో ఇబ్రహీంపట్నం తాలూకాకు వచ్చి దళిత కూలీలతో కలిసి సంఘం కట్టారు. వెట్టిని రద్దుచేసిన చట్టం కూడా 'రూట్స్' లాగే 1976దే. అయినా అప్పటికి ఇక్కడి పల్లెల్లో వెట్టి పోలేదు. కూలి, భూమి, వెట్టి విడుదల, ప్రతిదానికీ జనం పోగవ్వాల్సి, అర్జీ రాయాల్సి, ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. తాతలు వేలిముద్ర వేసిన చోట మనవలు కాగితం చదివి ప్రశ్నించడం మామూలు మార్పు కాదు.

ఇక్కడి హాస్టళ్లలో ఈ పుస్తకాన్ని పిల్లలు వంతులేసుకుని పైకి చదవాలి. కిజ్జీ చీటీ రాసిన ఘట్టం వచ్చినప్పుడు కాసేపు ఆపి, మీ ఇంట్లో మొదట అక్షరం నేర్చిందెవరని టీచరు ఒక్కొక్కరినీ అడగాలి.